రాని రైడ్

“వెనక మెట్ల తలుపుకి గొలుసు వేసి తాళం పెట్టారట. రేపు మంటలు లేస్తే పైఅంతస్తు వాళ్ళ గతేంటి? రుజువు పట్రా,” అన్నాడు బాస్.

ఏజెంట్ డేగ తెల్లగడ్డం అంటించుకుని, చెవిమిషన్‌లో కెమెరా దాచుకుని, చక్రాల కుర్చీలో ఆ వృద్ధుల నర్సింగ్ హోంలో చేరాడు. నడిపేది విదేశీ కంపెనీ. పైఅంతస్తులో మంచం ఇచ్చారు. పక్క మంచం రిటైర్డ్ స్టేషన్ మాస్టరుది. ఆయనకి కాళ్ళు పనిచేయవు. బెల్లు నొక్కితే మోగదు, తీగ ఎప్పుడో పీకేశారు.

డేగ అన్నిటినీ ఫొటోలు తీసి బాస్‌కి పంపాడు. తెల్లారి తనిఖీకి అధికారులు వచ్చేసరికి గొలుసు మాయం, బెల్లు గణగణ, ఉతికిన దుప్పట్లు తళతళ. వాళ్ళు టీ తాగి, అంతా భేష్ అని రాసి వెళ్ళారు. సాయంత్రానికి గొలుసు మళ్ళీ తలుపెక్కింది. రెండోసారీ అదే తంతు. డేగకి ఒళ్ళు మండిపోయింది. బాంబులు విప్పిన చేతులు ఒక ముష్టి తాళం ముందు కట్టేసినట్టయ్యాయి.

అప్పుడే ఎర్ర లిప్‌స్టిక్ సూపర్‌వైజర్ హైహీల్స్ టకటకలాడిస్తూ వచ్చింది.

“కిటికీ తెరవనా తాతగారూ?”

డేగ ఉలిక్కిపడ్డాడు. అది డిపార్ట్‌మెంట్ కోడ్. “చలిగాలి పడదమ్మా,” అని బదులిచ్చాడు.

ఆమె దుప్పటి సర్దుతూ గొంతు తగ్గించింది. “నేనిక్కడ రెండు జీతాల మనిషిని, ఒకటి కంపెనీది, ఒకటి మన డిపార్ట్‌మెంట్‌ది. మీ ఫొటోలు ముందు కంపెనీకే వస్తున్నాయి. డబ్బు తీసుకుని పంపేది మీ బాసే.”

నిజమో కాదో తేల్చుకోవాలని డేగ బాస్ ఒక్కడికే ఒక అబద్ధం చేరవేశాడు. రేపు డిపార్ట్‌మెంట్ పైఅధికారుల సర్‌ప్రైజ్ రైడ్ ఉందట అన్నాడు. కాసేపట్లోనే గొలుసు ఊడింది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు. డేగ పళ్ళు నూరుకుంటూ బాస్ సంగతి ఈసారి నిజంగానే పైఅధికారులకి కబురు పంపాడు.

మర్నాడు లేని రైడ్ కోసం దుప్పట్లన్నీ ఉతికి, ఆరబెట్టే మిషన్‌ని ఆపకుండా తిప్పారు. మధ్యాహ్నమైనా ఎవరూ రాలేదు. వాచ్‌మన్ గొలుసు తెచ్చి వెనక తలుపుకి చుట్టాడు. తాళం నొక్కబోతుండగా ముందు మెట్లలోంచి నల్లటి పొగ ఎగిసింది. కింద మిషన్ అంటుకుంది.

డేగ కుర్చీలోంచి లేచాడు. నడవలేని తాత నిలబడేసరికి వాచ్‌మన్ చేతిలోంచి తాళం జారిపోయింది. డేగ గొలుసు లాగి పారేసి, స్టేషన్ మాస్టరుని భుజాన వేసుకుని మెట్లు దిగాడు. మిగతావాళ్ళని సూపర్‌వైజర్ నడిపించింది. అందరూ క్షేమంగా బయటపడ్డారు. అదే సమయానికి అక్కడ ఆఫీసులో బాస్‌ని పైఅధికారులు జీపెక్కించారు.

చెట్టునీడన కూర్చోబెట్టాక డేగ జరిగిందంతా చెప్పాడు. స్టేషన్ మాస్టరు దగ్గుతూ విన్నాడు.

“బాబూ, రేపు కూడా రైడ్ ఉందని చెప్పు. కాకపోతే దుప్పట్లు మాత్రం ఉతకొద్దను.”