కడ్డీ లేని తుపాకి

బక్‌హార్న్ ఏటి మలుపులో ఉన్న రాతి సుంకపు ఇంటికి మంచిపేరు ఏనాడూ లేదు. చెడ్డపేరు మాత్రం అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో స్థిరపడింది. ఉత్తరాది సిపాయిలు అప్పట్లో అక్కడ కాపలా ఉండేవాళ్ళు. వాళ్ళ లెఫ్టినెంటు ఒట్టి చాదస్తపు మనిషి. రోజూ చీకటి పడగానే అందరినీ వరసగా నిలబెట్టి, మందు దట్టించే ఇనప కడ్డీని ఒక్కొక్కరి తుపాకి గొట్టంలోకి జారవిడిచేవాడు. గొట్టం ఖాళీగా, శుభ్రంగా ఉంటే తంగ్‌మని మోగేది. మురికి ఉంటే దబ్బుమనేది. దబ్బుమన్నవాడికి ఆ పూట కూడు లేదు.

ఒక రాత్రి ఎవరిదో కడ్డీ చేతిలో ఉండగానే ఏటి అవతలి నుంచి తూటా వచ్చి తగిలి ఆయన అక్కడికక్కడే పోయాడు. తనిఖీ సగంలో ఆగింది. ఆగిందని మనం అనుకోవాలి గానీ... ఆయన అనుకోలేదు. పొద్దుగూకాక ఆ కాలపు తుపాకితో ఆ మలుపు దాటబోతే, తనిఖీ అయ్యేదాకా వదలడని మా కొండల్లో చెప్పుకుంటారు.

ఈ మాట వింటే హార్లన్ టెట్రిక్ పళ్ళికిలించేవాడు. అతను నవ్వనిది ఏముంది కనుక? పాత సైనిక తుపాకులు పోగుచెయ్యడంలో ఆ చుట్టుపక్కల తనంతటివాడు లేడని అతని నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తుపాకుల సంతలో ఎవరు ఏది తెచ్చి చూపించినా మూతి ఓ పక్కకి తిప్పి ఒకటే మాట అనేవాడు: "అతుకుల బొంత." అంటే గొట్టం ఒకదానిది, కర్ర ఇంకోదానిది, మర మరోదానిదీ కలిపి బిగించిన దొంగ సరుకని. నిజంగా అతుకులదైతే ఆ మాట అనేసి వెళ్ళిపోయేవాడు. అసలుదైతే మాత్రం అదే మాట అని, జాలిపడి కొన్నట్టు కొనేవాడు. అలాంటి వెధవ తెలివి అతనిది.

ఆ శరత్కాలంలో ఓర్ఫా కట్లిప్ కబురు పెట్టింది. ఊళ్ళో అందరికీ ఆవిడ ఓర్ఫా పిన్నే. మొగుడు పోయాడు, పైకప్పు కారుతోంది, గోడ మీద మొగుడి ముత్తాత తుపాకి ఉంది. హార్లన్ వెళ్ళాడు. ఆవిడ పెట్టిన బీన్సూ మొక్కజొన్న రొట్టే రెండేసిసార్లు వడ్డించుకుని తిన్నాడు. తిని, తుపాకి దీపం దగ్గరకి తీసుకున్నాడు.

మరని కప్పే పక్కరేకు మీద గద్ద ముద్ర. దాని పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం పేరు, 1862. గొట్టం మీదా అదే ఏడు. కర్ర మీద తనిఖీదారుల ముద్రలు రెండూ అంచులు అరగకుండా ఉన్నాయి. ఉప్పుకాగితం ఏనాడూ తగల్లేదు. హార్లన్ గుండె దడదడలాడింది. మొహం మాత్రం ఆముదం తాగినట్టు పెట్టాడు.

"అతుకుల బొంత, పిన్నీ. మూడు తుపాకులు కలిపి ఒకటి చేశారు. ఇదిగో చూడు, మందు దట్టించే కడ్డీ కూడా లేదు."

"కడ్డీ లేకపోవడం నిజమే. మా ఆయన ముత్తాత ఆ సుంకపు ఇంటి కాపలాలోనే ఉండేవాడు. ఆ రాత్రి లెఫ్టినెంటు చేతిలో ఉన్నది ఈయన కడ్డీయేనట. ఆయన పడిపోగానే ఈయన వట్టి తుపాకితో పరిగెత్తుకొచ్చాడు. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు."

"తుపాకి అమ్మేవాళ్ళందరి దగ్గరా ఓ ముత్తాత ఉంటాడు పిన్నీ. కథ ఊరికే వస్తుంది, ఇనుమే రాదు."

ఆవిడ మొహం చిన్నబోయింది. "అంతేనంటావా?"

"అసలుదని ఎవడైనా నిరూపిస్తే నా చేత్తో నేనే తెచ్చి మళ్ళీ ఈ గోడకి తగిలిస్తాను. ఒట్టు."

చలికాలం కట్టెలకి కూడా చాలని డబ్బు బల్లమీద పెట్టాడు. బయట చల్లగా ఉంది. ఒంటిమీద ఉన్న ఉన్నికోటు విప్పి, తుపాకిని పసిబిడ్డని చుట్టినట్టు చుట్టి, ట్రక్కులో పక్కసీటు మీద పడుకోబెట్టాడు. ఓర్ఫా పిన్ని గుమ్మంలో నిలబడి అదంతా చూసింది.

వాళ్ళింటి నుంచి కిందికి ఉన్నది ఒకే దారి. అది ఆ మలుపు మీదుగానే పోతుంది.

హార్లన్ ఈల వేస్తూ దిగాడు. సుంకపు ఇంటి ముందుకొచ్చేసరికి ట్రక్కు దీపాల్లో ఓ దుంగ కనబడింది... దారికి అడ్డంగా. వెళ్ళేటప్పుడు అది లేదు.

దిగాడు. దిగుతూ తుపాకిని కూడా చంకన పెట్టుకున్నాడు. ట్రక్కులో వదిలితే ఎవడో ఎత్తుకుపోతాడని. దొంగబుద్ధి ఉన్నవాడికి లోకమంతా దొంగలే.

దుంగ కదల్లేదు. రెండు చేతులూ కావాల్సి, తుపాకిని కోటు విప్పి ఇంటి గోడకి ఆనించాడు. వంగాడు...

"తుపాకి... ఎవరిది?"

గుసగుస. తలుపులేని ఆ ఇంటి లోపలి నుంచి.

హార్లన్ పైప్రాణాలు పైనే పోయాయి. "నా... నాది."

ఏటి చప్పుడు మాత్రం వినబడుతోంది.

"అతుకుల బొంత," అంది ఆ గొంతు, చీదరగా. "మూడు తుపాకుల ముక్కలు. ఏ వెధవ కొన్నాడు దీన్ని?"

ఇక్కడ ఇంకొకడైతే ట్రక్కెక్కి వెనక్కి పారిపోయేవాడు. కానీ అసలు సరుకుని దొంగ సరుకంటే ఈ పోగుచేసేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, అన్నది దెయ్యమైనా సరే. పెళ్ళాన్ని తిట్టినా పడతారు గానీ ఆ మాట పడరు. హార్లన్ నోరు లేచింది.

"అతుకులా? కళ్ళున్నాయా నీకు? పక్కరేకు మీదా గొట్టం మీదా ఒకటే ఏడు! కర్ర మీద ముద్రలు రెండూ నిన్న కొట్టినట్టున్నాయి. ఇలాంటిది ఈ జిల్లా మొత్తంలో ఇంకోటి లేదు. ఇది అసలుది! నేను చెబుతున్నా, హార్లన్ టెట్రిక్‌ని!"

మాట పూర్తయిందో లేదో... గోడ దగ్గర చీకట్లో...

తంగ్.

సన్నగా, శుభ్రంగా మోగి, ఏటి మీదుగా పోయింది. వెంటనే ఇంట్లోంచి టార్చిలైటు వెలిగింది. దాని వెనక ఓర్ఫా పిన్ని తమ్ముడు డెల్మర్, భుజాలు అదిరేలా నవ్వుతూ. ఆ మలుపు కిందే అతని ఇల్లు.

"అసలుదేనన్నమాట! నీ నోటితో నువ్వే చెప్పావు కదయ్యా."

హార్లన్ దుంగ మీద కూలబడ్డాడు. "నువ్వా... నీకెలా తెలుసు?"

"నువ్వు గుమ్మం దాటగానే మా అక్క ఫోను చేసింది. చెత్త అన్నాడురా, చలిలో తన కోటు విప్పి దాన్ని చుట్టుకుపోయాడురా అంది. చెత్తకి ఎవడు కప్పుతాడు కోటు?"

హార్లన్ దుంగ బెరడు గోళ్ళతో పీకుతున్నాడు.

"ఒట్టు వేశావట. పద, నీ చేత్తో తగిలిద్దువు గాని. లేదంటే ఆదివారం సంతలో ఇదంతా నేను బల్లెక్కి చెబుతాను. ఎలా ఉంటుందో చూసుకో."

హార్లన్ మొహం మాడ్చుకుని లేచాడు. ఓడినవాడికి కూడా చివరిమాట తనదే కావాలి. "సర్లే. దొంగ దెయ్యమే అయినా, ఆ కడ్డీ మోత మాత్రం బాగా చేశావు."

డెల్మర్ నవ్వు ఆగింది. "నేనెక్కడ చేశాను? నువ్వే దేన్నో తన్నావనుకున్నాను."

టార్చి నెమ్మదిగా గోడ వైపు తిరిగింది.

తుపాకి ఆనించిన చోటే ఉంది. గొట్టం కింద, సాయంత్రం దాకా ఖాళీగా ఉన్న ఆ గాడిలో... పొడుగాటి ఇనప కడ్డీ. సరిగ్గా ఇమిడి ఉంది.

"హార్లన్..." డెల్మర్ గొంతు ఈసారి నిజంగానే గుసగుసగా వచ్చింది. "ఇన్ని తుపాకులు చూశావు. చెప్పు. ఇది అతుకా... అసలుదా?"

హార్లన్ చెయ్యి చాపాడు. మంచు కురుస్తున్న ఆ రాత్రి గొట్టం చల్లగా చురుక్కుమంది, కర్ర తడిసి ఉంది. వేళ్ళు కడ్డీ దాకా వెళ్ళాయి.

వెచ్చగా ఉంది... అప్పటిదాకా ఎవరో పిడికిట్లో పట్టుకుని, ఇప్పుడే వదిలినట్టు.