మాయమైన బంకమట్టి

గవర్నర్‌పేటలోని డిటెక్టివ్ శాంభవి ఆఫీసులోకి వస్తూనే సంయుక్త కుర్చీలో కూలబడింది. అసిస్టెంటు అఖిలేష్ ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"రేపు నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు మేడమ్. దొంగ ఇంజనీరని పేరు పడ్డాక ఇంకెవరు పెట్టుకుంటారు?"

భూగర్భ మెట్రో కోసం భూమిని లోతుగా తొలిపించి, లోపలి మట్టిని ల్యాబుకు పంపడం ఆమె పని. సత్యనారాయణపురంలో స్టేషన్ ద్వారం రావలసిన సందులో గట్టి బంకమట్టి వచ్చింది. అదే రిపోర్టు చేసింది. వాన పట్టుకోవడంతో మట్టి సంచుల పెట్టెను ఎదురింటి జ్ఞానప్రసూనాంబగారి వరండాలో పెట్టించింది. మర్నాడు ల్యాబులో పెట్టె తెరిస్తే అంతా ఇసుకే. తొలిపించకుండానే రిపోర్టు రాసేసిందని ఆఫీసులో గోల. ఇసుకనేలలో ప్రమాదమని ద్వారాన్ని వేరేచోటికి మార్చే మాట కూడా మొదలైంది.

"నాకు పని నేర్పిన వెంకటసుబ్బారావు సారే మా పై అధికారి. ఆ రోజంతా ఆయన గన్నవరంలో ఉండిపోయారట. ఇక్కడే ఉంటే నాకు సాక్ష్యం చెప్పేవారు," అంటూ సంయుక్త ఏడ్చేసింది.

శాంభవి ఆమె తెచ్చిన ఇసుకను కాగితం మీద పోసి వేలితో పరిచింది. పంచదారలా ఒకే తీరుగా ఉంది.

"ఒక్క రాయైనా ఉందా అఖిలేష్?"

"ఇసుకలో రాళ్లెందుకుంటాయి మేడమ్?"

"అపార్ట్‌మెంట్‌లో పుట్టి పెరిగావు, నీ తప్పు కాదులే. పద."

జ్ఞానప్రసూనాంబగారు గుమ్మంలోనే విరుచుకుపడ్డారు. "ద్వారం కోసం మా ఇల్లు పోతుందని నేనే మార్చానంటారా?"

"ఈ ఇసుక కుప్ప మీదేనాండీ?"

"బాత్‌రూమ్ నేల వేయిద్దామని తెప్పించాను. అదీ నేరమేనా?"

శాంభవి గుప్పెడు తీసి చూసింది. నిండా గులకరాళ్లు, నత్తగుల్లల ముక్కలు. "ఆ సాయంత్రం ఎవరెవరొచ్చారు పిన్నిగారూ?"

"పెట్టె మోసుకొచ్చిన మరియదాసు. తర్వాత వాళ్ల పెద్దసారు. పాపం తడిసొచ్చారని కాఫీ కలపడానికి లోపలికెళ్లాను."

కబురంపితే వచ్చిన మరియదాసు చేతులు జోడించాడు. "పెట్టె దించి పామర్రు బస్సెక్కేశానండీ. పొద్దున్నే వచ్చి ఎట్టా ఉన్నది అట్టాగే ఎత్తుకెళ్లాం."

సందు చివర దుకాణాల భవనంలో గోడలకు సిమెంటు పూత పూస్తున్నారు. మేస్త్రి ఏటవాలుగా నిలబెట్టిన జల్లెడ మీదికి పారతో ఇసుక విసురుతున్నాడు. భవనం ఎవరిదని శాంభవి అడిగితే రాజ్యలక్ష్మిగారిదన్నాడు. అఖిలేష్‌కు ఇంకా ఏమీ అర్థం కాలేదు గానీ, మేడమ్ నవ్విందంటే కేసు తేలినట్టేనని అతనికి తెలుసు.

మర్నాడు అందరినీ ఆ వరండాకే పిలిపించింది.

"భూమి లోపలి నుంచి వచ్చే ఇసుకలో రాయీ, గుల్లా, ఒండ్రూ కలిసే ఉంటాయి. పెట్టెలోది మాత్రం జల్లించిన ఇసుక. మనవాళ్లు జల్లించేది గోడ పూతకే కదా. ఈ సందులో పూతపని జరుగుతున్నది ఒక్కచోటే. ద్వారం ఇక్కడ వస్తే ఆ దుకాణాలూ పోతాయి. మీ ఆఫీసులో అడిగితే రాజ్యలక్ష్మిగారు మీ భార్యేనన్నారు, వెంకటసుబ్బారావుగారూ."

"అయితే? ఆ రోజు నేను గన్నవరంలో ఉన్నాను!"

"అయ్యో, నా చేత్తో కాఫీ ఇస్తిని కదండీ!" అన్నారు జ్ఞానప్రసూనాంబగారు.

"ఆ కాఫీ కలిపేలోగా మీ బ్రీఫ్‌కేసులోని సంచులు పెట్టెలోకి వెళ్లాయి, పెట్టెలోవి బ్రీఫ్‌కేసులోకి వచ్చాయి," అంది శాంభవి. "మీ దుకాణాల దగ్గరి కుప్పలో పైన చేతికందింది సంచుల్లో నింపారు. అది అప్పటికే జల్లెడ దాటిందని చూసుకోలేదు."

వెంకటసుబ్బారావు తల వాలిపోయింది. "సంయుక్తా, నీకు పని నేర్పినవాణ్ని. ఈ ఒక్కసారికి..."

సంయుక్త కళ్లు తుడుచుకుంది. "నేర్పింది మీరే సార్. మట్టి విషయంలో అబద్ధమాడితే జనం చచ్చిపోతారని నేర్పింది కూడా మీరే."

అక్కడే నిలబడి చీఫ్ ఇంజనీరుకు ఫోన్ చేసింది. "సార్, సంయుక్తని. మళ్లీ అదే సందులో తొలిపించండి. పెట్టె ల్యాబుకు చేరేదాకా ఈసారి పక్కన నేనే కూర్చుంటాను."