బైండరు గొంతు నొక్కిందెవరు?

ఆ తేదీ స్టెనోకి ఇప్పటికీ గుర్తే. నవంబరు పదకొండు, మంగళవారం. ఆ పూట తిన్నదీ గుర్తే: రెండు ఉడికించిన గుడ్లు, కాస్త మాడిన బ్రెడ్డు, ఒక నారింజ. నారింజ సగం ఒలిచి ఉండగానే ఒక భారీ మనిషి తలుపు తోసుకుని లోపలికొచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"నన్ను చంపుతున్నారు సార్" అన్నాడు. "రోజూ రాత్రి. కొంచెం కొంచెంగా."

డిటెక్టివ్ అతని ముందుకు రెండు తొనలు జరిపాడు. "ముందు ఇవి తినండి. తర్వాత మొదట్నించీ చెప్పండి."

స్టెనో పెన్సిలు అందుకున్నాడు. ముప్పై ఏళ్ళు కోర్టులో షార్ట్‌హ్యాండ్ రాసి రిటైరై, భార్య పోయాక ఇంట్లో పొద్దుపోక ఇక్కడ చేరిన మనిషి. డిటెక్టివ్ ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్న. అయినా ఆ కుర్రాడు ప్రశ్న వేసే తీరు వింటుంటే స్టెనోకి సరైన చోట కామా పడినంత తృప్తిగా ఉండేది.

వచ్చినాయన పుస్తకాల బైండరు. కింద షాపు, పైన కాపురం. ఇంట్లో ఆయన, భార్య, ఆమె తమ్ముడు.

"అనుమానం ఎవరి మీద?"

"మా బావమరిది మీదే. ఓ రాత్రి గొంతు నొక్కినట్టయి కళ్ళు తెరిస్తే వాడి చెయ్యి నా భుజం మీదుంది. ఏమిట్రా అంటే, ఏం లేదు బావా అని జారుకున్నాడు. మర్నాటి నుంచి గడియ పెట్టుకుని పడుకుంటున్నాను. తొమ్మిది రోజులైంది."

"ఆగిందా?"

"ఎక్కువైంది సార్. వేసిన గడియ వేసినట్టే ఉంటుంది, కిటికీకి ఊచలున్నాయి. అయినా ఊపిరాడక లేస్తాను. అప్పుడే గోడలోంచి టకటకమని చప్పుడు."

డిటెక్టివ్ చూపు ఆయన చొక్కా మీదికి పోయింది. పైగుండీ పెట్టుకోవడానికి మెడ ఒప్పుకోవడం లేదు.

"పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుందా?"

"పదింటిదాకా. నోరు ఎండిపోతుంది. పగలు కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడతాయి. పాలల్లో ఏదో కలుపుతున్నారని పాలు మానేశాను. ఏం తేడా లేదు. బీపీ మాత్ర ఒకటల్లా రెండయ్యాయి."

"ఏ రాత్రయినా నిమ్మళంగా గడిచిందా?"

"ఒకే ఒక్కటి. పుస్తకాలు అప్పగించడానికి రైల్లో వెళ్ళాం. పడుకునే చోటు లేక కూర్చునే నిద్రపోయాను."

"పక్కనెవరు?"

"వాడే. కానీ చుట్టూ జనం ఉంటే ఎలా నొక్కుతాడు సార్?" బైండరు నారింజ తొన అరచేతిలోనే పెట్టుకుని నలుపుతున్నాడు. "శనివారం వాణ్ణి పంపించేస్తున్నాను. వాడు గడప దాటితే తనూ దాటుతానంటోంది మా ఆవిడ. ఇరవై రెండేళ్ళ కాపురం."

మధ్యాహ్నం ముగ్గురూ షాపుకి వెళ్ళారు. జిగురు వాసన, గుట్టలుగా కాగితాలు, మధ్యలో కాగితం కోసే పెద్ద కత్తి మిషను. బావమరిది దాని దగ్గరే నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా, నిప్పుకణికల్లా ఉన్నాయి. రెండు నిమిషాల్లో నాలుగుసార్లు ఆవలించాడని స్టెనో లెక్క.

"రాత్రిళ్ళు ఏం చేస్తుంటావు?" అడిగాడు డిటెక్టివ్.

"పుస్తకాలు చదువుకుంటానండి."

"ఈ మధ్య ఏం చదివావు?"

అతను అటూ ఇటూ చూసి, "అదిగో, ఆ నీలం అట్టది" అన్నాడు.

డిటెక్టివ్ దాన్ని తెరిచాడు. అది వచ్చే ఏడాది డైరీ. "కథ కొంచెం నెమ్మదిగా నడుస్తుందేమో కదూ?"

తర్వాత డిటెక్టివ్ బైండరు భార్యని అడిగాడు. "మీరు వెనక గదికి ఎందుకు మారారమ్మా?"

"నడుం నొప్పండీ."

"గది మారితే నడుం నొప్పి తగ్గుతుందా?"

ఆమె తమ్ముడి వంక చూసింది.

మేడ మీద బైండరు గదికీ బావమరిది గదికీ ఒకటే గోడ. బావమరిది వైపు, చాప పక్కన, కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో గోడకి రూపాయి బిళ్ళంత సున్నం రాలిపోయి ఉంది. చాప కింద పుస్తకం వీపు తట్టే చెక్క సుత్తి దొరికింది. దాని మొహం తెల్లగా ఉంది.

దొంగ దొరికాడనుకున్నాడు స్టెనో. డిటెక్టివ్ మాత్రం అందర్నీ బైండరు గదిలోకి పిలిచి తలుపు బార్లా తీశాడు.

"మీరు మంచం మీద వెల్లకిలా పడుకోండి. మేమంతా ఈ గోడవారన కూర్చుంటాం. ఎవరూ లేవకూడదు."

"మధ్యాహ్నం నాకు నిద్రెలా..." అంటూనే బైండరు గురక పెట్టాడు.

అది మామూలు గురక కాదు. కిటికీ రెక్కలు అదిరాయి. స్టెనో నోటుబుక్కులో గీతలు గీస్తున్నాడు. ఉన్నట్టుండి గురక తెగిపోయింది. గదంతా నిశ్శబ్దం. ఛాతీ ఎగురుతోంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. బావమరిది సగం లేచాడు. డిటెక్టివ్ చెయ్యి అడ్డుపెట్టాడు. స్టెనో గడియారం చూస్తూ ఇరవై లెక్కపెట్టాడు, ముప్పై లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది దగ్గర బైండరు పెద్దగా ఎగశ్వాస తీసి, గొంతు పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"దొరికాడా సార్?"

"దొరికాడు. మీ గొంతు నొక్కింది మీ గొంతే."

బైండరు గోడవారన ఉన్న నలుగురినీ చూశాడు. ఎవరూ కదల్లేదు.

"నిద్రలో గొంతు వెనక కండరాలు వదులవుతాయి" అన్నాడు డిటెక్టివ్. "మెడ లావైతే, వెల్లకిలా పడుకుంటే, ఊపిరి దారి మూసుకుపోతుంది. మెదడు కంగారుపడి తట్టి లేపుతుంది. రాత్రికి ఎన్ని వందలసార్లో. మీకు గుర్తుండేవి ఒకటో రెండో. అందుకే ఎనిమిది గంటలు పడుకున్నా, అట్ట బాగుండి లోపలి కాగితాలన్నీ చిరిగిన పుస్తకంలా లేస్తున్నారు. పొద్దుటి తలనొప్పి, పగటి మగత, దిగని బీపీ అన్నీ అక్కణ్ణించే. రైల్లో కూర్చుని పడుకున్నారు కాబట్టి దారి మూసుకోలేదు. డాక్టర్లు దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఖాయం చెయ్యాల్సింది వాళ్ళే. వదిలేస్తే గుండె మీద పడుతుంది."

"మరి వాడి చెయ్యి? ఆ టకటకలు?"

"అది మీ బావమరిదే చెప్పాలి."

బావమరిది తల వంచుకున్నాడు. అక్కే అందుకుంది. "ఊపిరి ఆగినప్పుడల్లా నేనే పక్కకి తిప్పేదాన్నండీ. ఈయన బరువుకి నడుం పట్టేసింది. అప్పట్నించి తమ్ముడు తిప్పుతున్నాడు. ఈయన గడియ పెట్టుకున్నాక వాడు గోడకి చెవి ఆనించి కూర్చుంటున్నాడు. ఊపిరి ఆగితే సుత్తితో కొట్టి లేపుతున్నాడు."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"గురక పెడుతున్నారన్న పాపానికి పోయినేడు మూడు రోజులు మాట్లాడలేదు మీరు. ఊపిరి ఆగుతోందంటే మూడేళ్ళు మాట్లాడకపోదురు."

స్టెనో నవ్వాపుకున్నాడు. తన భార్య మోచేత్తో పొడిచి పక్కకి తిరగమనేది. అప్పట్లో విసుక్కునేవాడు.

"బావా, నిన్న ఆ కత్తి కింద మీరు కునికారు" అన్నాడు బావమరిది మెల్లగా. "మీ చెయ్యి లాగేశాను. తిట్టారు. ఇంక రాత్రి ఏమైనా అయితే అక్కకి మొహం ఎలా చూపించను?"

బైండరు తన వేళ్ళ వంక చూసుకున్నాడు. పదీ ఉన్నాయి. "శనివారం నువ్వెక్కడికీ పోవట్లేదురా" అన్నాడు. "డాక్టరు దగ్గరికి నాతో వస్తున్నావు. ఒక్కణ్ణీ వెళ్తే దార్లో నిద్రపోతాను."

ఆస్పత్రిలో ఒక రాత్రి ఒంటికి వైర్లు పెట్టి పరీక్ష చేశారు. డిటెక్టివ్ అన్నదే తేలింది. ముక్కుకి తగిలించుకుంటే గాలి వదిలి గొంతు మూసుకోకుండా చూసే మిషను రాశారు. బరువు తగ్గమన్నారు, పక్కకి తిరిగి పడుకోమన్నారు, నిద్ర తీరేదాకా కత్తి మిషను ముట్టొద్దన్నారు.

మిషను వచ్చిన రోజు సాయంత్రం డిటెక్టివ్‌నీ స్టెనోనీ భోజనానికి పిలిచారు. తొమ్మిదింటికి బైండరు ఆ గొట్టం తగిలించుకుని మంచమెక్కాడు. భార్య తన దుప్పటి తెచ్చి ఆయన పక్కన పరుచుకుంది. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. వాన తగ్గాక చూరు కింద నిలబడ్డట్టు, సన్నని గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె చెయ్యి ఆయన ఛాతీ మీద లేస్తూ దిగుతోంది.

బావమరిది గుమ్మంలో నిలబడి ఇంకా చెవి రిక్కించి వింటూనే ఉన్నాడు.

"పోరా తమ్ముడూ, పడుకో. రేపు షాపు నువ్వు లేచాకే తీస్తారట."

"మధ్యలో ఆగితేనో అక్కా?"

"నేనున్నాగా."

అతను ఇంకో నిమిషం విన్నాడు. తర్వాత స్టెనో వంక తిరిగి సిగ్గుగా నవ్వి, నోరారా ఆవలించి, తన గదిలోకి వెళ్ళి చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.