ఊపిరి తోడు

హోటల్ లాబీలో సోఫా మీద చనిపోయిన మనిషి కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు, నెత్తుటి చుక్క లేదు. కోటు జేబులో మాత్రం అందమైన గవ్వ ఒకటి ఉంది. ఎవరో బహుమతిగా ఇస్తే పాపం, ముచ్చటపడి జేబులో వేసుకున్నాడు.

"అది ఉత్త గవ్వ కాదు. లోపల కోన్ నత్త, అంటే విషపు సముద్ర నత్త, బతికే ఉంది," అన్నాడు పెద్దాయన తన ఆఫీసులో. గూఢచారి విభాగానికి చీఫ్ ఆయనే. "గుడ్డలోంచి కూడా ముల్లు దించుతుంది. విషం ఎక్కితే ఊపిరి ఆగిపోతుంది. విరుగుడు లేదు. పోయినవాడు మన రహస్య సమాచారం మోసే కొరియర్."

ఎదురుగా ఉన్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్ అంతా బొంగరం అంటుంది. ఒకచోట కుదురుగా కూర్చోవడం అతని జాతకంలోనే లేదు. అప్పటికే కుర్చీ మార్చాడు, పేపర్‌వెయిట్ తిప్పాడు, కిటికీ తెరిచి మూశాడు.

"దీంతో మనకేం పని సార్?"

"ఇంకో అరుదైన జాతి కోన్ నత్త విషంలోని పెప్టైడ్ అనే పదార్థంతో మన ల్యాబ్ నొప్పి మందు చేసింది. మార్ఫిన్‌కి లొంగని నొప్పికి కూడా పనిచేస్తుంది, అలవాటు పడే భయం లేదు. మత్తు మాత్రలు అమ్ముకునే విదేశీ ముఠాకి కడుపు మండుతోంది. ఉన్నది ఒక్క శాంపిల్, ఆ జాతి నత్త ఒక్కటే. రెండూ పోతే, క్యాన్సర్ వార్డులో అరిచేవాళ్లు అరుస్తూనే ఉంటారు."

"లోపల మనవాళ్లు?"

"ముత్యం. నత్తల విషం పితికే నిపుణురాలు. మన జీతం తీసుకుంటోంది. వాళ్లదీ తీసుకుంటోందని నా అనుమానం. ఇదిగో, నీ చొక్కాకి రెండో గుండీ మైకు. నేను వింటూనే ఉంటాను. దయచేసి తొందరపడకు."

మర్నాడు సోడాబుడ్డి కళ్లద్దాలు, అతికించిన మీసంతో కొత్త టెక్నీషియన్ ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. లోపల ఉప్పునీటి వాసన, గాలి పంపుల గుడగుడ. ఆకుపచ్చ గౌనులో, ఎర్రటి గోళ్లతో ఒకామె గాజు తొట్టి మీదికి వంగి ఉంది.

"సముద్రం ఉప్పగా ఉందా మేడమ్?" కోడ్ వర్డ్ వదిలాడు.

"రుచి చూసినవాళ్లెవరూ వెనక్కి రాలేదు," అంది ముత్యం తల తిప్పకుండానే. "మీసం ఊడుతోంది, చూసుకో."

చేపపిల్లని ఎరగా చూపించి, రబ్బరు మూత బిగించిన చిన్న గొట్టాన్ని నత్త ముందు పెట్టింది. నత్త మెల్లగా తొండం చాచి, రెప్పపాటులో ముల్లు దించింది. గొట్టంలో ఒక్క బొట్టు విషం పడింది.

"ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది," అందామె. "ఒంటరిగా ఎవరూ తొట్టి ముట్టుకోరు. పక్కనే ఊపిరి తోడు ఉండాలి. నత్త కుడితే ఆ మనిషి ఈ రబ్బరు సంచి నొక్కుతూ గాలి కొట్టాలి. విషం దిగేదాకా ఆపకూడదు. ఇవాళ్టికి నీకు తోడు నేనే."

అతను తొట్టికి రెండడుగులు దూరం జరిగాడు. ప్రాణాలు పోయి పోయి ఈవిడ చేతిలోనే పడ్డాయా!

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లారు. ముత్యం ఐస్ పెట్టెలో శాంపిల్ సర్ది, నత్తని తడి గుడ్డ సంచిలో వేసింది. వెనక తలుపు దగ్గర డ్రైవర్ వేషంలో ముఠా మనిషి నిలబడ్డాడు.

ఆమె ఎవరి తరఫునో తేలేదాకా బొంగరం ఆగాల్సింది. ఆగితే బొంగరం ఎలా అవుతాడు? ఒక్క దూకు దూకి, సంచి లాక్కుని గుండెకి హత్తుకున్నాడు.

"వదులు! గుడ్డలోంచి కుడుతుంది!" అరిచింది ముత్యం.

ఆలస్యమైపోయింది. నొప్పి మాత్రం లేదు. అసలు ఏమీ తెలియలేదు. పెదాలు మొద్దుబారాయి, రెప్పలు వాలాయి, కాళ్లు మడతపడ్డాయి. చెవులకి మాత్రం అన్నీ వినిపిస్తున్నాయి.

"పీడ వదిలింది. నత్తని వాడి దగ్గరే వదిలెయ్, రెండూ కలిసే చస్తాయి. పద," అన్నాడు డ్రైవర్, ఐస్ పెట్టె అందుకుంటూ.

ఆమె చెప్పుల చప్పుడు తలుపు దాకా వెళ్లింది. అతనికి గాలి అందలేదు. కేక వెయ్యాలని ఉంది, చిటికెన వేలైనా కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి నిజంగా భయం వేసింది.

చప్పుడు ఆగింది. తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది. ముఖం మీద రబ్బరు తొడుగు పడింది, రొమ్ములోకి గాలి దూరింది.

"పిచ్చా నీకు?" అన్నాడు డ్రైవర్.

"నువ్వు పో. నా వల్ల కాదు." సంచి నొక్కుతూనే ఉంది.

బయట బండి స్టార్టయింది. ఆమె అతని చొక్కా రెండో గుండీ మీదికి వంగింది. డిపార్ట్‌మెంట్ మైకు ఎక్కడ ఉంటుందో ఆమెకి తెలుసు. "పెద్దాయనా, వింటున్నారుగా? తెల్ల వ్యాను, వెనక గేటు. శాంపిల్ సీటు కింద పెడతాడు. కొరియర్‌కి గవ్వ ఇచ్చిందీ వాడే. నత్త ఇక్కడే భద్రంగా ఉంది. త్వరగా డాక్టర్ని పంపండి, నా చేతులు పడిపోతున్నాయి."

వ్యాను ముందు చక్రాలు రోడ్డెక్కబోతుండగా పెద్దాయన మనుషులు వదిలిన గేటు ఇనుప కమ్మీ దభీమని దాని నెత్తిన పడింది. సీటు కింద శాంపిల్ దొరికింది.

ఆస్పత్రిలో మిషన్ తగిలించేదాకా ఆమె రబ్బరు సంచి వదల్లేదు. వదిలాక పారిపోనూ లేదు, వరండాలో బెంచీ మీద కూలబడింది. బొంగరం గొంతులో గొట్టం తీశాక, పెద్దాయన ఆమెని వెంటబెట్టుకొచ్చి, ఆమెకి వెయ్యడానికి జేబులోంచి సంకెళ్లు బయటికి తీశాడు. ఆమె మణికట్లు రెండూ వాచి ఉన్నాయి.

"కాస్త... వదులుగా వెయ్యండి సార్," అన్నాడు బొంగరం. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ముత్యం నిట్టూర్చి చేతులు చాచింది.

"ఇద్దరి దగ్గరా జీతం తీసుకుని ఇన్నేళ్లు హాయిగా తిరిగాను. ఊరికే చేసింది ఈ ఒక్క పనే. దీనికే దొరికిపోయాను, చూశారా!"