జేబులో కుడిచెయ్యి

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. ముందు దుకాణంలో, కాంటా పక్కన తన పాత కుర్చీలో తాతయ్య సత్తయ్య. హాల్లో నాన్న జగదీశ్, ఆయన ఎదురుగా మిర్యాలగూడ నుంచి వచ్చిన రైస్ మిల్లు వాళ్లు: తండ్రి, తల్లి, పెళ్లికొడుకు మణిదీప్. వంటింట్లో అమ్మ, నానమ్మ కన్యకమ్మ. ఎవరు ఎన్ని గారెలు తిన్నారో హాలు నుంచి వంటింటికి వార్తలు మోస్తూ చెల్లెలు శ్రీజ. లోపలి గదిలో, కట్టిన చీరనే మళ్లీ మళ్లీ సర్దుకుంటూ నిత్య.

కోదాడలో వాళ్ల ఇల్లు ముందు సగం బియ్యం దుకాణం, వెనక సగం కాపురం. నిత్య డిగ్రీ అయిపోయి దుకాణం బిల్లులు చూస్తోంది. కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు. అలాంటి పిల్లను పెద్దవాళ్లు "పోయి మాట్లాడుకోండి" అని అతనితో పాటు మేడ మీదికి పంపేశారు.

మేడ మీద ఎండుతున్న వడియాలు తప్ప చూడ్డానికి ఏమీ లేవు. నిత్య వాటినే చూస్తూ నిలబడింది. ఇంతలో కింద నుంచి శ్రీజ, అక్క వడియాల లెక్క అయిపోతే కిందికి రావచ్చని కేకేసింది. మణిదీప్ నవ్వాడు. నవ్వుతూనే కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. ఆ నవ్వు ఎంత బావుందంటే నిత్య ఇంకోసారి నవ్వించాలనుకుంది. నవ్వించింది కూడా. మళ్లీ చెయ్యి జేబులోకే పోయింది.

"నవ్వితే జేబుల నుంచి ఏమన్నా పడిపోతదా?" అని అడిగేసింది. అంత మాట తన నోట ఎలా వచ్చిందో తనకే తెలియలేదు.

అతని నవ్వు ఆగింది. అలవాటని ఏదో అన్నాడు. తన ఫోన్ నంబరు చెప్పాడు. ఇంకా ఏదో చెప్పాలని నోరు తెరిచాడు కానీ, అప్పుడే వాన మొదలైంది.

మామూలు వాన కాదు. పొద్దున దిగిన బియ్యం బస్తాలు అరుగు మీదే ఉన్నాయి. హమాలీ ఈదయ్య అన్నానికి వెళ్లాడు. తాతయ్య దుకాణం గుమ్మంలో నిలబడి కేకలేశాడు, నాన్న పరుగెత్తాడు, అమ్మ చీర దోపుకుంది, పెళ్లికొడుకు తండ్రి అంచు పంచె పైకి కట్టి బస్తా భుజాన వేసుకున్నాడు. శ్రీజ, నిత్య ఒక బస్తాను చెరో కొసన పట్టి లోపలికి ఈడ్చారు. మణిదీప్ మాత్రం బస్తా ముట్టలేదు. మూలన ఉన్న టార్పాలిన్ పట్టా లాగి, మిగిలిన బస్తాల మీద కప్పి, దాని అంచు పట్టుకుని వానలో నిలబడ్డాడు.

వాళ్లు వెళ్లిపోయాక తాతయ్య గొంతు దుకాణం దాటి వంటింటి దాకా వినిపించింది.

"మిల్లుల పుట్టిన పిల్లగాడు బస్తా ముట్టడు. చొక్కా నలుగుతదని సూసిండు. రేపు మన పిల్లకు కష్టమొస్తే గూడ గిట్లనే పట్టా పట్టుకొని నిలబడ్తడు. నాకు నచ్చలే."

తాతయ్యకు నచ్చకపోతే ఆ ఇంట్లో అంతే. మధ్యవర్తికి ఆ మాట రేపు సాయంత్రం తానే చెప్తానన్నాడు. నాన్న తలూపాడు. నిత్యకు అన్నం సయించలేదు. ఒక్క పూట చూసిన మనిషి కోసం ఇంత దిగులేమిటని తనను తానే తిట్టుకుంది.

అప్పుడు ఎదురుగా తింటున్న తాతయ్య దగ్గాడు. దగ్గు వస్తుండగానే ఆయన చెయ్యి పంచె మీదికి, గజ్జల దగ్గరికి పోయింది. దగ్గు తగ్గేదాకా అక్కడే గట్టిగా అదిమిపట్టుకున్నాడు. రెండేళ్లుగా ఇంట్లో అందరూ చూస్తున్నదే. హెర్నియా, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పాడు. కానీ తాతయ్య వాళ్ల అన్నకు ఎప్పుడో ఇదే జబ్బుకు జానెడు కోత కోసి కుట్లు వేశారట, నెలల తరబడి మంచం దిగలేదట. అందుకని తాతయ్య నడుముకు బెల్టు కట్టుకుని తిరుగుతున్నాడు తప్ప దవాఖాన మాట ఎత్తనివ్వడు.

నిత్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున దుకాణంలో ఎవరూ లేనప్పుడు మణిదీప్‌కు ఫోన్ చేసింది. అవతల మిల్లు చప్పుడు.

"మా తాతయ్య దగ్గితే చెయ్యి పంచె మీదికి పోతది. మీరు నవ్వితే జేబులకు పోతది. రెండూ ఒకటేనా?"

మిల్లు చప్పుడు దూరమైంది. బయటికి నడిచినట్టున్నాడు.

"ఒకటే," అన్నాడు.

తర్వాత అంతా చెప్పాడు. మిల్లులో బస్తాలెత్తుతుంటే బయటపడింది. సూర్యాపేట డాక్టరు పెద్ద కోత అక్కర్లేదు, చిన్న రంధ్రాల్లోంచి కీహోల్ ఆపరేషన్ చేస్తానన్నాడు, దాని వల్ల కాపురానికి ఏ అడ్డూ ఉండదన్నాడు. కానీ అంతలో సంబంధాలు రావడం మొదలైంది. అక్కడ ఆపరేషన్ అయిందంటే జనం ఏవేవో అనుకుంటారు, పిల్లనెవరిస్తారని వాళ్లమ్మ భయం. పెళ్లయ్యాక చూద్దామంది.

"అంటే పెళ్లికూతురికి చెప్పకుండనా?"

"చెప్దామనే మేడ మీదికి వచ్చిన. మీరు నవ్వించిన్రు."

"నవ్విస్తే చెప్పరా?"

"నవ్వుతున్న అమ్మాయికి గజ్జల సంగతి ఎట్ల చెప్పాలె, మీరే చెప్పండి."

నిత్యకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. మా ఇంట్లో ఈ మాట నా నోట రాదు, అది మీరే చెప్పాలి, చెప్పకుండా మాత్రం పెళ్లి లేదు అంది. అని పెట్టేసింది. సాయంత్రమైతే తాతయ్య మధ్యవర్తికి ఫోన్ చేస్తాడు. ఆ తర్వాత మణిదీప్ చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

సాయంత్రం తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్లో నంబరు వెతుకుతుంటే నిత్య కాఫీ తెచ్చింది. ఇచ్చి వెళ్లిపోలేదు. అతని సంగతి చెప్పనంది. చెప్పదు. కానీ కళ్లారా చూసింది చెప్పొచ్చు కదా.

"తాతయ్యా, నిన్న వానల బస్తా ముట్టకుండ నిలబడ్డది ఇద్దరు."

"ఇద్దరెవరే?"

"ఆయన, నువ్వు."

తాతయ్యకు కోపమొచ్చింది. కోపంతో పాటు దగ్గొచ్చింది. చెయ్యి ఎప్పటిలాగే పంచె మీదికి పోయింది. నిత్య ఆ చేతినే చూస్తూ నిలబడింది, తల దించుకోకుండా. తాతయ్య మనవరాలి మొహం చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు. దాన్ని మెల్లగా తీసి కుర్చీ చేతి మీద పెట్టుకున్నాడు. ఫోన్ పక్కన పెట్టేశాడు.

కాఫీ తాగి గ్లాసు తిరిగిస్తూ, "ఆ పిల్లగాని నంబరున్నదా?" అన్నాడు.

గోడౌన్లోకి వెళ్లి మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. కానీ మణిదీప్ ఆ రాత్రే వాళ్లమ్మను ఒప్పించి, నిత్య వాళ్ల నాన్నకు ఫోన్ చేసి ఉన్నదంతా తానే చెప్పాడు, ఆపరేషన్ పెళ్లికి ముందే చేయించుకుంటానన్నాడు. ఆపరేషన్ రోజున తాతయ్య, సరుకు చూసొస్తానని నానమ్మకు చెప్పి సూర్యాపేట బస్సెక్కాడు. తిరిగొచ్చాక ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు. బొడ్డు దగ్గర కెమెరా పెడతారట, లోపలిదంతా టీవీలో చూస్తూ, జారిన పేగును వెనక్కి నెట్టి, కంతకు లోపలి నుంచే వల లాంటి జాలీ వేస్తారట. సాయంత్రానికల్లా పిల్లగాడు వరండాలో నడిచాడు.

"అయితే నువ్వు గూడ చేయించుకో," అంది నానమ్మ.

"చెప్తే నమ్ముతనా? గాయం మానినంక నా కండ్లతోటి సూడాలె."

అందుకే నెల తిరిగాక మణిదీప్ మళ్లీ వచ్చాడు. తాతయ్య అతన్ని హాల్లో కూర్చోనివ్వలేదు. భుజం పట్టుకుని తిన్నగా తన గదికి నడిపించాడు. నిత్య కాఫీ గ్లాసులతో గడప దాకా వెళ్లింది. లోపల తాతయ్య అప్పటికే కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

మణిదీప్ తలుపు దగ్గరికొచ్చి గ్లాసులు అందుకుని, లోపల బల్ల మీద పెట్టి వచ్చాడు. నిత్య కదల్లేదు.

"నన్ను సూడనియ్యరా?" అంది మెల్లగా.

"నువ్వు పెళ్లయినంక," అన్నాడు. మొదటిసారి నువ్వు అన్నాడు.

అని గట్టిగా నవ్వాడు. వంటింట్లో నానమ్మకు కూడా వినపడేంత గట్టిగా. నిత్య చూపు అలవాటుగా అతని జేబు మీదికి పోయింది. అక్కడ చెయ్యి లేదు. రెండు చేతులూ తలుపు రెక్కల మీద ఉన్నాయి. నవ్వుతూనే రెండు రెక్కలూ దగ్గరికి లాగి, ఆమె మొహం మీదే తలుపేసేశాడు.