చెత్తబుట్టలో మైనం

ఆ ఉదయం కూడా టీ సగం కప్పే వచ్చింది.

"పాలు తక్కువయ్యాయా, నా దగ్గరే పొదుపు మొదలైందా?" అంది ఆవిడ.

"వేడిగా తాగుతావని. అయ్యాక ఇంకో సగం తెస్తాలే," అన్నాడు భర్త, పేపరులోంచి తల ఎత్తకుండా. రిటైరయ్యాక వంటిల్లు ఆయన చేతికి వచ్చింది. అప్పటినుంచి పొయ్యి దగ్గర ఏ గిన్నె ఎక్కడుంటుందో ఆవిడకి తెలియకుండా పోయింది.

జవాబు నున్నగా ఉంది. నున్నటి జవాబులంటే ఆవిడకి అనుమానం. లోహంలోనూ అంతే, మరీ నున్నగా ఉన్నచోటే అతుకు దాగి ఉంటుంది. ఆయన పేజీ తిప్పేదాకా ఆగి, పేపరు అడ్డం వచ్చాక, కప్పుని రెండు చేతులతో పట్టుకుని గబగబా తాగేసింది.

వెనక గది తాళం తీసింది. ముప్పై ఏళ్లుగా ఆవిడ నగలు చేసేది అక్కడే. గీతలు పడి నల్లబడిన బల్ల, మెడ వంచిన దీపం, ఆకురాళ్లు, సన్నటి ఉలులు. ఏ ఉంగరమైనా ముందు గట్టి మైనంలో చెక్కుతుంది. దాని చుట్టూ అచ్చు పోసి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తుంది. మైనంలో గీత ఎలా ఉంటే లోహంలోనూ అలాగే ఉంటుంది. ఆవిడ నగల్లో పువ్వులు, లతలు ఉండవు. ఒక నిటారు గీత, దానికి ఎదురుగా ఇంకోటి, మధ్యలో కాస్త వెలుతురు. ఆ గీతని చూసే కొనేవాళ్లు ఆవిడ పేరు చెప్పేవాళ్లు.

కొన్ని నెలలుగా ఆ గీత రావడం లేదు. ఉలి పట్టుకోగానే కుడిచేతి బొటనవేలి మొదట్లో చిన్న కదలిక మొదలవుతోంది, ఎవరో లోపలినుంచి తలుపు తడుతున్నట్టు. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. వెళితే దానికో పేరు పెడతాడు, ఆ పేరు ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. అందుకే పాత నగల రబ్బరు అచ్చుల్లో మైనం పోసుకుని, ఆ పాత నమూనాలే చేసి షాపుకి ఇస్తోంది. రోజూ కొత్తది చెక్కబోవడం, గీత వంకరపోవడం, దాన్ని బుట్టలో పడేయడం. ఇది ఎవరికీ తెలియదు.

తెలియదనే అనుకుంది, బుట్టలోకి చూసేదాకా.

పెన్సిలు చెక్కిన పొట్టు ఉంది. ఉండచుట్టిన కాగితాలూ ఉన్నాయి. నిన్న పారేసిన మైనం ఉంగరాలు మాత్రం లేవు.

"నా గది ఊడ్చారా?" అని కేకేసింది.

"నీ గదిలో అడుగుపెడితే కాళ్లు విరగ్గొడతానన్నావుగా! ఈ వయసులో నా కాళ్లు నాకు ముద్దు," అని వంటింట్లోంచి జవాబు వచ్చింది.

"మైనం ముక్కలు కనబడటం లేదు."

"నాకెందుకే నీ మైనం? కరెంటు పోతే వెలిగించుకోనా?"

ఆవిడకి నవ్వు రాలేదు. చెత్త కావలసినవాళ్లు బుట్టంతా పట్టుకుపోతారు. ఎవరో ఏరారు. వంకరపోయిన ఆ ఉంగరాలన్నీ ఒకచోట పేరిస్తే, తన చెయ్యి పాడైపోయిందని చెప్పడానికి ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

ముందుగదిలోంచి కూతురి కూనిరాగం వినిపించింది.

ఇంట్లో ఆ పిల్లని 'కాకి' అంటారు. చిన్నప్పుడు మెరిసేదేది కనబడినా ఏరుకొచ్చి దాచుకునేదని తండ్రి పెట్టిన పేరు. పెద్దదయ్యాక తల్లి పక్కనే కూర్చుని పని నేర్చుకుంది. నేర్చుకున్న తర్వాత చిక్కు వచ్చింది. తన సొంతంగా ఏమైనా చేద్దామని ఆకులు తెచ్చింది, ఈకలు తెచ్చింది, పాత ఇనుపగేట్ల ముందు నిలబడి బొమ్మలు గీసుకుంది. ఏం గీసినా చివరికి తల్లి గీతే వచ్చేది. "ఇవి మీ అమ్మగారివే అనుకుంటారమ్మా. మీవి ఏవీ?" అంది ఒకసారి నగల షాపావిడ. ఆ రోజు కాకి అన్నం ముట్టలేదు. తల్లి ఓదార్చింది. ఓదారుస్తున్నంతసేపూ లోపలెక్కడో ఒక చిన్న సంతోషం ముడుచుకుని కూర్చుంది. దాన్ని ఆవిడ చూసింది, చూడనట్టు ఊరుకుంది.

చెయ్యి వణకడం మొదలయ్యాక కూతుర్ని ముందుగదికి మార్చింది. "నా పక్కనుంటే నీకు సొంత చెయ్యి రాదు. అక్కడ వెలుతురు కూడా బాగుంటుంది," అని చెప్పింది. అదీ నున్నటి జవాబే.

ఇప్పుడు ఆ గదిలోకి వెళ్లేసరికి కూతురు చప్పున బల్ల మీద గుడ్డ కప్పింది.

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదమ్మా. చూపించేంత అవలేదు ఇంకా."

"దాచేంత అయిందన్నమాట."

"నీతో మాట్లాడాలంటే లాయర్ని పెట్టుకోవాలి," అని నవ్వింది కాకి. కానీ ఆ నవ్వు కళ్లదాకా వెళ్లలేదు, చెయ్యి గుడ్డ మీదినుంచి కదల్లేదు.

మర్నాడు ఆవిడ ఒక పని చేసింది. వంకరపోయిన ఉంగరాన్ని కాగితంలో చుట్టి, బుట్టలో పెన్సిలు పొట్టు కింద పెట్టింది. గదికి తాళం వెయ్యకుండా స్నానానికి వెళ్లింది. అప్పటికే భర్త కూరగాయలకి బయల్దేరాడు. తిరిగొచ్చి చూస్తే కాగితం ముందున్నట్టే చుట్టి ఉంది. లోపల ఉంగరం లేదు. పైన పొట్టు కూడా చక్కగా సర్దేసి ఉంది.

ఆ సర్దుబాటు చూశాకే ఆవిడకి ఒళ్లు మండింది. తీసుకుంటే తీసుకుంది, ఇంత నేర్పుగా ఎందుకు తీసుకోవాలి? ముందుగది తలుపు దాకా వెళ్లింది. లోపల కాకి ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"వద్దండీ, అమ్మకి ఇప్పుడే చెప్పకండి. ఆవిడకి తెలిస్తే..."

ఆ తర్వాతి మాట వినబడలేదు. వినబడని మాటని ఆవిడ తనకి తోచినట్టు పూరించుకుంది. ఒక్కసారి కాదు. దించిన చూపులూ, మూసిన తలుపులూ అన్నీ ఒకే దారిన వచ్చి చేరాయి. వీళ్లకి తెలుసు. తన చెయ్యి పోయిందని తెలుసుకుని, తర్వాత ఏం చెయ్యాలో మాట్లాడుకుంటున్నారు. సగం కప్పు కూడా దాన్లో భాగమేనేమో. నెమ్మదిగా అన్నీ సగం సగం చేసేస్తారు.

పదిగంటలకి పూర్తయిన నగలు ఇవ్వడానికి షాపుకి వెళ్లింది. షాపావిడ ఎదురొచ్చి చేతులు పట్టుకోబోయింది. ఆవిడ చటుక్కున కుడిచేతిని సంచిలో దూర్చింది.

"చెప్పకూడదన్నారు గానీ, నా నోట్లో నువ్వుగింజ నానదు. చూడండి, మీ అమ్మాయి ఏం చేసిందో!"

నల్లటి మఖమలు మీద ఒక వెండి ఉంగరం పెట్టింది.

ఉంగరం చుట్టూ ఒకే ఒక్క గీత. నిటారుగా మొదలై, కాస్త దూరం వెళ్లి, అదిరి, తడబడి, మళ్లీ దారి పట్టింది.

"ఎలా ఉంది? నీళ్ల మీద గాలి వెళ్లినట్టు లేదూ? ఇలాంటివే వరసగా చేస్తానంటోంది. కానీ మీరు ఊ అంటేనే తీసుకుంటాను. ఇన్నేళ్ల మాట మనది. మీ పేరు ముద్ర వేస్తారో, ఏం చేస్తారో రేపటికల్లా చెప్పండి. వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను."

రికార్డులో తన గొంతు తనే విని ఉలిక్కిపడినట్టయింది ఆవిడకి. ఆ తడబాటు ఎవరిదో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. నెలల తరబడి తలుపులు మూసి దాచుకున్నది ఇక్కడ దీపం కింద, అద్దాల బల్ల మీద, అందరి ఎదుటా ఉంది.

"రేపు చెబుతాను," అని బయటికి వచ్చేసింది.

ఇంటికి చేరేసరికి కాకి బల్ల దగ్గర ఉంది. తండ్రి గుమ్మంలో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తున్నాడు. ఆవిడ చెప్పులు కూడా విడవలేదు.

"కాకీ! చెత్తబుట్టల్లో ఏరుకునే అలవాటు ఇంకా పోలేదా నీకు?"

కూతురి మొహం పాలిపోయింది. "నేనే చెబుదామనుకున్నానమ్మా."

"ఎప్పుడు? షాపులో బేరం కుదిరాకా?"

"తప్పే. నిన్ను అడగాల్సింది. నీ గీత దొంగిలించాను, ఒప్పుకుంటున్నాను."

"దొంగిలిస్తే ఇంత బాధ లేదు. వెక్కిరించావు!"

"వెక్కిరించడమేంటి?"

"నా దగ్గర నాటకాలొద్దు. నా చెయ్యి వణకడం చూసి, ఆ వణుకునే ఉంగరంగా పోసి అమ్ముకుంటున్నావు. కన్నతల్లి చెయ్యి పడిపోతుంటే నీకు అది డిజైనా?"

తండ్రి చేతిలోని బీన్స్ కాయ చేతిలోనే ఉండిపోయింది.

కాకి చూపు తల్లి మొహం మీదినుంచి నెమ్మదిగా దిగి, భుజం దాటి, సంచి పట్టీని బిగించి పట్టుకున్న కుడిచేతి దగ్గర ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది. ఆ చూపులో తప్పు దొరికిపోయిన భయం లేదు. అప్పుడే వినకూడని వార్త విన్నవాళ్ల చూపు అది.

"నీ చెయ్యి వణుకుతోందా అమ్మా?"

ఆ గొంతు విన్నాక ఆవిడకి అర్థమైంది. ఈ పిల్లకి తెలియదు. ఈ క్షణం దాకా ఏమీ తెలియదు. ఇన్నాళ్లూ గడియలు వేసుకుని కాపాడుకున్న తలుపుని తానే కాలితో తన్ని తెరిచింది.

స్టూలు లాక్కుని కూర్చుంది.

"మరి ఎందుకు తీశావు?"

"నువ్వేదో కొత్తది వెతుకుతున్నావనుకున్నాను," అంది కాకి. "నన్ను పక్కనుంచి పంపించేసి తలుపు వేసుకున్నావు. ఓ రోజు తాళం తియ్యమని ఇచ్చావే, అప్పుడు బుట్టలో చూశాను. నిటారు గీత వదిలేశావు! ముప్పై ఏళ్ల తర్వాత ఇంకోటి మొదలుపెట్టావు, నచ్చక పారేస్తున్నావు అనుకున్నాను. ఏడుపొచ్చిందమ్మా. నాకు ఒక్కటీ దొరకలేదు, నీకు రెండోది కూడా దొరికింది అని. కుళ్లుకున్నాను. కానీ పారెయ్యబుద్ధి కాలేదు. ఆ తర్వాత నువ్వు అన్నానికి లేచినప్పుడల్లా వెళ్లి ఏరుకొచ్చాను. అంత బాగున్నాయి."

"బాగున్నాయా?" అంది ఆవిడ.

"నాకు తెలుసు," అన్నాడు తండ్రి గుమ్మంలోంచి.

ఇద్దరూ అటు తిరిగారు.

"ఎప్పటినుంచి?"

"కప్పు నింపడం మానేసినప్పటినుంచి."

"మరి ఒక్కమాట అడగొచ్చుగా!"

"పిల్ల పక్కన కూర్చుంటే చూస్తుందేమోనని ముందుగదికి పంపించావు. నేను అడిగితే నన్నెక్కడికి పంపిస్తావో అని ఊరుకున్నాను," అన్నాడాయన. తర్వాత బీన్స్ వైపు తిరిగి, ఈనె తీసేసిన కాయకే మళ్లీ ఈనె తీయడం మొదలుపెట్టాడు.

కాకి బల్ల మీది గుడ్డ తీసి, ఒక రేకు డబ్బా తెచ్చి తల్లి ముందు పెట్టింది. లోపల దూది పరిచి ఉంది. ఆ దూదిలో, గూట్లో గుడ్లలా, ఆవిడ పారేసిన మైనం ఉంగరాలన్నీ ఉన్నాయి.

"రేపు వెళ్లి షాపులోది వెనక్కి తెచ్చేస్తాను. ఇంక చెయ్యను. ఒట్టు."

"భూతద్దం ఇటివ్వు."

"అమ్మా, వద్దులే..."

"ఇవ్వమన్నానా!"

ఆవిడ ముందు తన మైనాన్ని చూసింది. ఇన్నాళ్లూ పారేయడానికే చూసింది గానీ, చూడటానికి ఎప్పుడూ చూడలేదు. తర్వాత బల్ల మీదున్న కాకి మైనాన్ని చూసింది. మళ్లీ తనది. చాలాసేపు మార్చి మార్చి చూసింది. షాపులో కోపం చూసినదాన్ని ఇప్పుడు కన్ను చూస్తోంది.

తన గీత సన్నటి రంపపు పళ్లలా, దగ్గర దగ్గరగా, ఊపిరి తీసుకోకుండా అదిరింది. కాకి గీత అలా లేదు. అది అదిరే ముందు ఒకచోట ఆగుతుంది. తర్వాత వంగుతుంది, సాగుతుంది, తీరిగ్గా తిరిగొస్తుంది.

"ఇది నాది కాదు."

"నీదాన్ని చూసే చేశానమ్మా. ఎన్నిసార్లు చేసినా నీలా రాలేదు. చెయ్యి ఎంత వదులు చేసినా అలా వంగేది. చివరికి అలాగే వదిలేశాను."

"ఎలా వస్తుంది? నీ చెయ్యి వణకడం లేదు. వణుకుని తలుచుకుంటోంది." భూతద్దం దించింది. కళ్లు తడిసి ఏమీ కనబడటం లేదు. "నీకు రాలేదన్నావే, అదే నీది. పిచ్చిమొహమా, ఆకుల్లోనూ గేట్లలోనూ వెతికావు."

కాకి తల్లి మోకాళ్ల దగ్గర కింద కూలబడింది.

"వీటి మీద నా ముద్ర వెయ్యను," అంది ఆవిడ.

కూతురు తల వాల్చేసింది.

"చివరిదాకా విను. నా ముద్ర వేస్తే నావే అనుకుంటారు. నీకొక ముద్ర చేసుకో. రేపు షాపావిడకి నేనే చెబుతాను, ముందు వరుసలో పెట్టమని."

"రేపు ముందు డాక్టరు," అన్నాడు తండ్రి.

"ముందు షాపు."

"సరే, దారిలో షాపు. డాక్టరు మాత్రం ఖాయం." ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. "టీ పెడతాను."

ఆయన కప్పులు సర్దుతున్న చప్పుడు విని ఆవిడ గొంతు పెంచింది. "నాకు నిండా పొయ్యండి."

వంటింట్లో చప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆయన అంచుదాకా నిండిన కప్పు తెచ్చి, ఆవిడ కుడిచేతికి అందించాడు. ఆవిడ ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుంది. ఒక్క కుడిచేత్తోనే కప్పు ఎత్తి, కిటికీ వెలుతురులోకి జరిపింది.

టీ మీద సన్నటి అలలు మొదలయ్యాయి. అంచునుంచి మధ్యకి, మధ్యనుంచి అంచుకి, ఒకదానిలోంచి ఒకటి వచ్చాయి. కొన్ని చుక్కలు వేళ్లమీద ఒలికాయి. కాకి కన్నార్పకుండా చూస్తోంది. చూసినందుకు సిగ్గుపడి మొహం తిప్పుకోబోయింది.

"అటెక్కడికి చూస్తావు? పెన్సిలు తెచ్చుకో," అంది ఆవిడ.

కాకి కన్నీళ్లు తుడుచుకుంటూనే కాగితం లాక్కుంది.

"త్వరగా గియ్యవే. చెయ్యి కాలుతోంది."