పంటి గుర్తు పడేంత వెన్న

ఆదివారం పొద్దున ఓవెన్‌లోంచి నల్లటి రై రొట్టె తీసి బల్ల మీద పెట్టానో లేదో, ఎవరో దబదబా తలుపు బాదారు. తెరిచి చూస్తే పై అంతస్తు అమ్మాయి. మా భవనంలోకి కొత్తగా వచ్చింది. అప్పటిదాకా నేను చూసింది మెట్ల మీద ఆమె విడిచిపెట్టే ఎర్ర రబ్బరు బూట్లను మాత్రమే.

"రొట్టె కాలుస్తున్నది నువ్వేనా?"

"నేనే. ఏం, మాడు వాసన వస్తోందా?"

"మాడినా బాగుండేది! ఆ కమ్మటి వాసనకి పైన నా ప్రాణం పోతోంది. ఇవాళే పేలియో పథ్యం మొదలుపెట్టాను. నెల రోజులు రొట్టె లేదు, పాలు లేవు, వెన్న లేదు, చక్కెర లేదు. బంగాళాదుంప కూడా లేదు."

"మరి ఏం తిని బతుకుతావ్?"

"రాతియుగం మనుషులు ఏం తిన్నారో అదే."

"రాతియుగంలో మన స్వెన్‌బోర్ ఊళ్ళో వాన తప్ప ఏముండేదంట?"

ఆమె నవ్వలేదు. నా వైపు కాదు, నా భుజం మీదుగా రొట్టె వైపు చూసింది. ముక్కు చివర చెమట చుక్క ఒకటి వేలాడుతోంది. ఆ చూపులో ఎంత ఆశ, ఎంత దిగులు! ఎవరైనా నన్ను అలా చూస్తే బతుకు ధన్యమనుకున్నాను. అక్కడే పడింది నా మెడకు ఉరి.

"సరే, నేనూ మానేస్తాను. వాసన రాదు. నీకు తోడు కూడా ఉంటుంది."

"నిజంగా? నీ పేరేంటి?"

"ఎస్బెన్."

"నేను డిట్టె. సాయంత్రం ఉల్లిపాయలు పట్టుకుని పైకి రా."

ఆమె వెళ్ళాక ఆ వేడి రొట్టెను చూసి తల పట్టుకున్నాను. మా అమ్మమ్మ రొట్టె మీద వెన్న ఎంత మందంగా రాసేదంటే, కొరికితే అందులో పంటి గుర్తులు పడాలి. పడకపోతే అది రాసినట్టే కాదనేది. అలాంటి చేతుల్లో పెరిగినవాణ్ణి, రొట్టె చల్లారగానే కన్నబిడ్డను సాగనంపినట్టు సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేశాను.

ఆ సాయంత్రమే ఆమె వంటింట్లో అసలు సంగతి బయటపడింది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆమె కాలీఫ్లవర్‌ని తురుముతోంది, అన్నం తిన్నట్టు మనసుకి సర్దిచెప్పుకోవడానికి.

"మల్తె అని... రెండేళ్ళు కలిసి ఉన్నాం. పోతూ పోతూ ఒక మాటన్నాడు, 'నువ్వు దేన్నీ చివరిదాకా చేయవు డిట్టె' అని."

"అబద్ధం."

"నిజమే." చెంచాతో గదంతా చూపించింది. ఒక్క చెయ్యే అల్లిన స్వెటర్, సగం రంగేసిన కుర్చీ, తీగలు బిగించని గిటార్. "అందుకే ఈ నెల. సరిగ్గా నా పుట్టినరోజుతో పూర్తవుతుంది. సంగతంతా చెప్పి, ఆ రోజుకి మల్తెని పిలిచాను."

"పిలిచి?"

"చూపిస్తాను."

"చూపించి?"

"తిరిగొస్తాడు." తలెత్తి నన్ను చూసింది. "ఏడుస్తున్నావేంటి?"

"ఉల్లిపాయలు," అన్నాను. ఆ పూట ఉల్లిపాయలే నా పరువు కాపాడాయి.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం నేను పనిచేసే పడవల షెడ్డు నుంచి రాగానే చేతులు కడుక్కుని మెట్లెక్కేవాణ్ణి. కూరలు తరుగుతూ తరుగుతూ మా అమ్మమ్మ వెన్న సంగతి కూడా ఆమెకి చెప్పేశాను. నేను బాగా వండితే ఆమె నెల పూర్తి చేస్తుంది, చేస్తే మల్తె వస్తాడు. చెడగొడితే ఆమె పస్తుంటుంది. కూర బాగా కుదిరిన ప్రతిసారీ గుండె జారిపోయేది. "అబ్బ, ఎస్బెన్, ఏం చేశావయ్యా!" అని ఆమె గిన్నె నాకేస్తుంటే, ఇక్కడ నా గొయ్యి నేనే ఇంత చక్కగా తవ్వుకుంటున్నానే అని ఏడుపొచ్చేది.

షెడ్డులో మధ్యాహ్నం ఇంకో నరకం. అందరూ ఒకేసారి డబ్బాలు తెరిచేవాళ్ళు. అన్నిట్లోనూ రై రొట్టె, దాని మీద కాలేయం ముద్ద, దోసకాయ పచ్చడి. నా డబ్బాలో చల్లారిపోయిన క్యాబేజీ ఆకుల పొట్లాలు.

"ఏంట్రా ఇది, కుందేలు పెట్టిన పిండమా?" అన్నాడు ప్రెబెన్. పడవలకి పలకలు దిగ్గొట్టడంలో నా జోడీ.

"రాతియుగం భోజనం."

"ఎవత్తెరా ఆ రాతియుగం పిల్ల?"

"పిల్లేమీ లేదు."

"పిల్ల లేకుండా డేనిష్ మగాడు రొట్టె మానడురా. ఆమెకి తెలుసా?"

"ఆమెకి వేరే వాడున్నాడు."

ప్రెబెన్ నములుతున్నవాడల్లా ఆగిపోయాడు. తన రొట్టె ముక్క సగం తుంచి నా ముందు పెట్టాడు. నేను తల అడ్డంగా ఊపాను. "నువ్వు పూర్తిగా పోయావురా," అన్నాడు జాలిగా.

నిజంగా పోయాననే అనిపించిన రోజు ఒకటుంది. ఫిబ్రవరి వాన కిటికీలను కడుగుతోంది. ఆ రోజు మాంసం బిళ్ళలు చేద్దామంది డిట్టె. మా ఇళ్ళలో వాటిని పిండీ పాలూ పోసి పిసుకుతారు. అవి రెండూ నిషేధం కదా, వట్టి గుడ్డు కొట్టి వేశాం. పెనంలో పడగానే బిళ్ళలన్నీ విడిపోయి బూడిద రంగు గులకరాళ్ళయ్యాయి. కొబ్బరినూనె పొగ ఇల్లంతా కమ్మింది.

డిట్టె గరిటె విసిరేసి నేల మీద కూర్చుంది. "నా వల్ల కాదు. మల్తె చెప్పింది నిజమే. ఎస్బెన్, ఆ రోజు రొట్టె ఉంది కదా, ఇంకా ఉందా?"

"ఫ్రీజర్‌లో ఉంది."

"తీసుకురా. ఒక్క ముక్క. నీకు దండం పెడతాను."

కిందికి దిగి ఫ్రీజర్ తెరిచాను. మంచు పట్టిన సంచి చేతికి తగిలింది. దీన్ని పైకి మోసుకెళ్తే చాలు. నెల ఆగిపోతుంది, మల్తె కథ కంచికి పోతుంది, నేను పోటీలో మిగులుతాను. చెయ్యి గడ్డకట్టేదాకా అలాగే నిలబడ్డాను. తర్వాత ఫ్రీజర్ మూసి ఉత్త చేతులతో పైకి వెళ్ళాను.

"ఏది?"

"ఇవ్వను."

"నువ్వసలు మనిషివేనా?"

"రేపు పొద్దున లేచి నిన్ను నువ్వే తిట్టుకుంటావ్. అది నేను చూడలేను. లే, ఆ క్యాబేజీ అందుకో."

విడిపోయిన మాంసాన్ని క్యాబేజీతో ఉడకేసి చారులా చేశాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ రెండు గిన్నెలు తాగింది. ఆ రాత్రికి నేను చేయగలిగిన మంచి అంతా చేసేశాననీ, ఇక నాకు మిగిలింది ఏమీ లేదనీ అర్థమైంది.

పుట్టినరోజు రానే వచ్చింది. బల్ల మీద చిన్న చిన్న ఎర్ర జెండాలు. మా దేశంలో ఆడపిల్ల పుట్టినరోజుకి అమ్మాయి బొమ్మ కేక్ ఉండాలి. పుట్టినరోజు పిల్ల దాని పీక కోయాలి, కోస్తున్నంతసేపూ చుట్టూ ఉన్నవాళ్ళు కెవ్వున అరవాలి. పెద్దయ్యాక ఇది మానేసే ఇళ్ళున్నాయి, డిట్టె వాళ్ళది ఆ రకం కాదు. మరి పిండీ చక్కెరా లేకుండా అమ్మాయిని ఎలా చేయడం?

మాంసంతో చేశాను. కీమాతో ఒళ్ళు, క్యారెట్ తురుముతో జుట్టు, బీట్‌రూట్ గౌను, గుడ్డు చక్రాలతో కళ్ళు. ఓవెన్‌లోకి అందగత్తెలా వెళ్ళింది. బయటికొచ్చేసరికి సగానికి కుదించుకుపోయి, నడుం విరిగి, కొవ్వు కారుస్తూ ఉంది.

"ప్రమాదంలో పోయిందా ఏం?" అంది డిట్టె వాళ్ళమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"బాగుందమ్మా," అంది డిట్టె గట్టిగా.

అప్పుడొచ్చాడు మల్తె. పొడుగ్గా, ఆరోగ్యంగా, చేతిలో బేకరీ పెట్టెతో. మూత తీస్తే నిజమైన కేక్ అమ్మాయి! బాదం ముద్ద బుగ్గలు, క్రీము గౌను.

"వారంలోనే మానేసి ఉంటావని నాకు తెలుసు," అని నవ్వాడు. "అందుకే అసలైనది తెచ్చాను." ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు. చనువు ఉంది, అంతే.

"మానలేదు. ఇవాళ్టితో పూర్తి."

"అయితే అయిపోయినట్టేగా! ఇంకో పూట కోసం ఎందుకే పట్టుదల? ఒక్క ముక్క తిను, ఎవరు చూడొచ్చారు?"

"తినవే, నీ కోసం తెచ్చాడు," అంది వాళ్ళమ్మ.

డిట్టె చేతిలో కత్తి. ఎదురుగా ఇద్దరమ్మాయిలు. ఆ కేక్ కోస్తే మల్తె మాట నెగ్గినట్టు, మాంసం కోస్తే మల్తె మనసు ఆమె గెలిచినట్టు. ఎటు కోసినా తెగేది నా పీకే.

ఆమె నా మాంసం అమ్మాయి మెడ మీద కత్తి పెట్టింది. అందరూ బిత్తరపోయి అరవడం మర్చిపోయారు. నేనొక్కణ్ణే అరిచాను. తినని రొట్టెలు, చెప్పని మాటలు, నెలంతా మింగిన ఏడుపు, అన్నీ ఆ కేకలో బయటికొచ్చాయి. కత్తి ఆగిపోయాక కూడా నా గొంతు ఆగలేదు.

"ఇతనికేమైంది?" అన్నాడు మల్తె నవ్వుతూ. డిట్టె మాత్రం నవ్వలేదు.

తర్వాత అతను, "నిజంగానే చేసి చూపించావే!" అంటూ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. నేను చప్పుడు చేయకుండా కిందికొచ్చేశాను. కాసేపటికి రెండు జతల అడుగులు మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాయి. ఆ చప్పుడు విన్నాక లేచి దీపం వేసుకోవాలని కూడా అనిపించలేదు.

మర్నాడు ఫ్రీజర్‌లోంచి రొట్టె తీసి బల్ల మీద పెట్టాను. మంచు కరిగి మెత్తబడింది, నాకే ఆకలి చచ్చిపోయింది. అప్పుడు తలుపు దబదబా మోగింది.

"అలా ఎందుకరిచావ్?" లోపలికొస్తూనే అడిగింది డిట్టె.

"అరవడం ఆచారమేగా."

"ఆచారానికి అరిచేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు రావు. ఉల్లిపాయలు కూడా లేవు నిన్న."

ఇంకేం దాచను? "నువ్వంటే ఇష్టం. మొదటి రోజు ఈ రొట్టెని చూశావ్ చూడు, అప్పట్నుంచి. నెలంతా వాడి కోసం నీకు వండి పెట్టాను. చాలా, ఇంకేమైనా చెప్పాలా?"

"మరి ఆ వానరోజు రొట్టె ఎందుకివ్వలేదు? ఇచ్చుంటే అప్పుడే మల్తె పీడ వదిలేదిగా నీకు."

"నువ్వు పూర్తి చేయాలనుకున్నావ్ కాబట్టి."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిన్న అతన్ని స్టేషన్‌లో దింపి వచ్చాను. దారంతా నన్ను మెచ్చుకున్నాడు. నెలరోజులు ఆ మెచ్చుకోలు కోసమే కదా చచ్చాను, తీరా వింటుంటే కేక్ పెట్టె గుర్తొచ్చింది. మానేస్తానని అతను నమ్మాడు. మానకూడదని నువ్వు రొట్టె దాచావ్." చెయ్యి చాచింది. "నెల అయిపోయింది. కొయ్యి."

కోశాను. వెన్న రాసి ముక్క ఇచ్చాను.

"ఇదేం రాయడం? మీ అమ్మమ్మ ఎలా రాసేదో చెప్పావ్ కదా, అలా."

మళ్ళీ రాశాను, వేలెడు మందాన. డిట్టె కళ్ళు మూసుకుని కొరికింది. తర్వాత ఆ ముక్కను నా నోటి ముందుకు తెచ్చింది. వెన్నలో ఆమె పళ్ళ గుర్తులు వరసగా, స్పష్టంగా ఉన్నాయి. సరిగ్గా వాటి పక్కనే కొరికాను.